కాగితం చూపించమనండి

మాట్లాడే హక్కు, గుమిగూడే హక్కు, అరెస్టు వేళ మనిషికి ఉండే రక్షణల మీద విజయవాడ, గుంటూరు పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. 2024 జులై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, అరెస్టు, దర్యాప్తు, విచారణ పద్ధతులు చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చాయి. జవాబుల్లో మొదటిదాన్ని న్యాయ సంహిత అనీ, రెండోదాన్ని సురక్షా సంహిత అనీ రాశాం. జనం నోళ్లలో ఇంకా పాత నంబర్లే నలుగుతున్నాయి కాబట్టి అవసరమైన చోట పాతదీ చెప్పాం.

ప్రశ్న: మా వీధిలో డ్రైనేజీ పని ఆరు నెలలుగా ఆగిపోయింది. వార్డు నాయకుణ్ణి ఎత్తిపొడుస్తూ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు పెట్టాను. మర్నాడు స్టేషన్ నుంచి ఫోను: "ఎస్సైగారు రమ్మంటున్నారు, ఒకసారి వచ్చి వెళ్లు." వెళ్లాలా? వెళ్లకపోతే ఇంటికొచ్చి పట్టుకెళతారా?
- ఒక చిరు వ్యాపారి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఫోన్లో పిలవడం నోటీసు ఇచ్చినట్టు కాదు. మిమ్మల్ని రప్పించడానికి పోలీసులకు రెండు రకాల కాగితాలున్నాయి. సాక్షిగా పిలవాలంటే సురక్షా సంహిత 179 కింద రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి (పాత 160). అది కూడా ఆ స్టేషన్ పరిధిలోనో, ఆనుకుని ఉన్న స్టేషన్ పరిధిలోనో ఉండేవాళ్లకే. ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను స్టేషనుకి రమ్మనకూడదు. వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి. మీ మీద నింద ఉండి పిలిస్తే 35(3) నోటీసు ఇవ్వాలి. మన వైపు అందరూ 41ఏ నోటీసు అనేది ఇదే. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో, అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు ఈ నోటీసు ఇవ్వాల్సిందే.

నోటీసు చేతికొస్తే ముందు క్రైమ్ నంబరు, సెక్షన్లు, దర్యాప్తు అధికారి పేరు, హాజరు కావలసిన తేదీ, వేళ చూసుకోండి. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. చేతికి నోటీసు అందితే మాత్రం తప్పకుండా వెళ్లండి. హాజరవుతున్నంత కాలం, అధికారి కారణాలు రాసిపెడితే తప్ప, మిమ్మల్ని అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. పోస్టు పెట్టినప్పుడు ఉన్న ధైర్యం నోటీసు వచ్చేసరికి ఆవిరైపోతుంది. బంధువుల ఊరికి పోయి ఫోను కట్టేస్తారు, చిన్న కేసు కాస్తా పెద్దదవుతుంది.

ఇక మీ సంగతి. ఫోను చేసినవారి పేరు, హోదా, వేళ రాసి పెట్టుకోండి. "నా మీద ఏ కేసు ఉందో తెలపండి, నోటీసు ఇస్తే హాజరవుతాను" అని అదే రోజు స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేర నాలుగు వాక్యాల అర్జీ రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. ఎఫ్ఐఆర్ ఉంటే, సున్నితమైన కేసు కానప్పుడు, 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది, కాబట్టి అక్కడా వెతకండి. వెళ్లాలనే అనుకుంటే పగటిపూట, వకీలునో ఇద్దరు పెద్దమనుషులనో వెంటబెట్టుకుని వెళ్లండి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలనీ, దృశ్యాలు కనీసం ఏడాదైనా నిలవ ఉండాలనీ 2020 డిసెంబరులో తీర్పు వచ్చింది. మీరు లోపలికి వెళ్లిన వేళ, బయటికొచ్చిన వేళ గుర్తుంచుకుంటే తర్వాత పనికొస్తుంది. దర్యాప్తులో మీరు చెప్పినదాన్ని పోలీసులు రాసుకోవచ్చు గానీ, ఆ వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోకూడదు, సురక్షా సంహిత 181 అదే చెబుతుంది. తెల్లకాగితం మీద సంతకం అసలే వద్దు.

ఆ పోస్టు నేరమా అంటే, పని ఎందుకు ఆగిందని అడగడం, ఎత్తిపొడవడం నేరం కాదు. పోలీసులు ఇలాంటి వాటికి సాధారణంగా తగిలించేవి న్యాయ సంహిత 353 (పాత 505), 196 (పాత 153ఏ), 352 (పాత 504). 353 నిలబడాలంటే పుకారుతోనో అబద్ధంతోనో జనాన్ని భయపెట్టాలి, లేదా రెచ్చగొట్టాలి. 196 కింద మతం, కులం, భాష లాంటి వాటి పేరున వర్గాల మధ్య వైరం రేపాలి. ఆగిపోయిన డ్రైనేజీ ఈ రెంటిలో దేనికిందకీ రాదు. పైగా మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే మాట-రాత కేసుల్లో, ఎఫ్ఐఆర్ కట్టేముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయడమే తగునని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మాట ప్రభావాన్ని నిబ్బరం ఉన్న మనిషి కళ్లతో చూడాలి గానీ, ప్రతి మాటకూ ఉలిక్కిపడేవాడి కళ్లతో కాదని కూడా అందులో ఉంది. ఈ తీర్పు ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: ఐటీ చట్టం 66ఏ కింద కేసు పెడతామని బెదిరిస్తున్నారు. ఇంకా ఉందా ఆ సెక్షను?
- విద్యార్థి, మంగళగిరి

జవాబు: లేదు. ఆన్‌లైన్‌లో నొప్పించే మాటలు పంపితే శిక్ష వేసే ఆ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా కేసులు కడుతూ పోతుంటే 2022 అక్టోబరులో, నడుస్తున్న 66ఏ కేసుల్లోంచి ఆ సెక్షన్ తీసేయమని మళ్లీ చెప్పాల్సివచ్చింది. బెదిరింపు ఉత్తరంలో 66ఏ కనిపిస్తే దాన్ని భద్రంగా దాచుకోండి, కోర్టులో మీకే పనికొస్తుంది.

ప్రశ్న: మా యూనియన్ విజయవాడలో ధర్నా పిలుపు ఇచ్చింది. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి "రేపు సాయంత్రం దాకా ఇల్లు కదలొద్దు, హౌస్ అరెస్టు" అన్నారు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఏ కాగితమూ ఇవ్వలేదు. ఇది చట్టంలో ఉందా?
- ఒక కార్మికురాలు, తాడేపల్లి

జవాబు: అమ్మా, 'హౌస్ అరెస్టు' అనే అధికారం పోలీసులకు సురక్షా సంహిత ఎక్కడా ఇవ్వలేదు. ఏ పార్టీ గద్దెనెక్కినా మన దగ్గర 'చలో' అన్న పిలుపు వచ్చిందంటే ఈ కుర్చీలు గేట్ల ముందుకు వస్తూనే ఉన్నాయి. అలవాటైపోయింది గాబట్టి చట్టమనుకుంటున్నాం.

పోలీసుల చేతిలో నిజంగా ఉన్నవి ఇవి. 168 కింద (పాత 149) నేరం జరగకుండా ఆపడానికి జోక్యం చేసుకోవచ్చు. 'ముందస్తు నోటీసు' అని చేతికిచ్చేది దీని కిందే. ఆ నోటీసు హెచ్చరికే, దాంతో ఇంట్లో బంధించడానికి వీల్లేదు. 170 కింద (పాత 151) ముందస్తు అరెస్టు చేయొచ్చు, కానీ మీరు కాగ్నిజబుల్ నేరం (వారంటు లేకుండా అరెస్టు చేయగలిగేది) చేయబోతున్నారని అధికారికి తెలియాలి, అరెస్టు తప్ప దాన్ని ఆపే దారి లేకపోవాలి, 24 గంటలు మించకూడదు. ధర్నాకు వెళ్లాలనుకోవడం నేరం చేయబోవడం కాదు. మూడోది బైండోవర్. 126 కింద (పాత 107) ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ముందు శాంతికి పూచీ రాయించుకోవడం. మామూలుగా అది తహసీల్దారు దగ్గర, కమిషనరేట్‌లో అయితే పోలీసు అధికారే మెజిస్ట్రేటుగా. దానికి కూడా ముందు రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చి, మీ వాదన విని, విచారణ జరపాలి. స్టేషన్లో కూర్చోబెట్టి సంతకం పెట్టించుకుంటే బైండోవర్ కాదు.

కాబట్టి గేటు దగ్గర మాట తూలకండి, తోసుకుని బయటికి పోకండి. తోపులాట అయితే ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించారన్న కేసు వచ్చిపడుతుంది, దాని ముందు అసలు విషయం వెనక్కి పోతుంది. "ఏ సెక్షన్ కింద? ఉత్తర్వు చూపించండి" అని మాత్రం అడగండి. అడిగేటప్పుడు ఇంట్లోవాళ్లు ఫోన్లో వీడియో తీయాలి, గోడ గడియారమో ఫోను వేళో అందులో కనబడాలి. వెంటనే "ఇన్ని గంటల నుంచి, ఏ ఉత్తర్వూ లేకుండా నన్ను కదలనివ్వడం లేదు" అని ఎస్పీకి ఈమెయిలు, యూనియన్ వకీలుకు నకలు పంపండి. రాజ్యాంగం 226వ అధికరణం కింద నేలపాడులోని హైకోర్టుకు వెళ్లే దారి ఉంది. రేపటి ధర్నాకు మామూలు పిటిషన్ ఆలస్యమవుతుంది, వకీలును లంచ్ మోషన్ (అదే రోజు వినమని కోరే అత్యవసర పిటిషన్) వేయగలరేమో అడగండి. సెలవు రోజైతే హౌస్ మోషన్, అంటే న్యాయమూర్తి ఇంటి దగ్గరే వినమని కోరడం. అక్కడ వకీలు మొదట అడిగేది మీ వీడియో, ఈమెయిలు వేళలే.

మీరు స్త్రీ కాబట్టి ఇంకో ముక్క. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మిమ్మల్ని అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితుల్లో అయితే మహిళా అధికారి రాతపూర్వక నివేదిక ఇచ్చి, మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి వచ్చిన ఇద్దరు మగ కానిస్టేబుళ్లు మిమ్మల్ని జీపు ఎక్కమంటే, ఈ ఒక్క మాట గట్టిగా అడగండి.

ప్రశ్న: అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో ఒకరోజు దీక్ష చేద్దామనుకుంటున్నాం, సుమారు 150 మంది. అనుమతి ఎవరిని అడగాలి? "సెక్షన్ 30 అమల్లో ఉంది, 144 ఉంది" అని ప్రతిసారీ అంటారు. అసలు ఈ రెండూ ఏమిటి?
- అద్దెదారుల సంఘం, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్ ఊరేగింపులు, సభలు ఏ దారిన, ఏ వేళలో జరగాలో చెప్పడానికి, లైసెన్సు తీసుకోమనడానికి ఉంది. జనాన్ని గుమిగూడనివ్వకపోవడానికి కాదు. 2022 డిసెంబరు 28న కందుకూరులో, 2023 జనవరి 1న గుంటూరులో తొక్కిసలాటలు జరిగి జనం చనిపోయాక, రాష్ట్ర ప్రభుత్వం ఈ సెక్షన్‌నే ఆధారం చేసుకుని జనవరి 2న జీవో నంబరు 1 తెచ్చి రోడ్ల మీద సభలను దాదాపు ఆపేసింది. హైకోర్టు దాన్ని 2023 మే 12న కొట్టేసింది. ప్రాణాలు పోయిన బాధ నిజమే. దానికి బారికేడ్లు, దారులు, అంబులెన్సులు చూసుకోవాలి గానీ సభలే మానిపించడం తగదు. 'సెక్షన్ 30 ఉంది' అన్న మాటకు సరైన జవాబు: "ఉంటే లైసెన్సుకు షరతులు చెప్పండి, పాటిస్తాం."

పాత సీఆర్‌పీసీలోని 144 ఇప్పుడు సురక్షా సంహితలో 163. ఇది అత్యవసర ఉత్తర్వు. రెండు నెలలు మించి నిలవదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే గరిష్ఠంగా ఇంకో ఆరు నెలలు. విజయవాడలో పోలీసు కమిషనర్ ఇస్తారు, గుంటూరులో ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్లు. అది లిఖితంగా ఉండాలి, అందులో కారణాలుండాలి, జనానికి తెలిసేలా ప్రకటించాలి. న్యాయమైన అభిప్రాయాన్ని, అసమ్మతిని నొక్కడానికి దీన్ని వాడకూడదనీ, గడువు తీరగానే అలవాటుగా మళ్లీ మళ్లీ ఇవ్వడం అధికార దుర్వినియోగమనీ అనురాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. నోటిమాటగా '144 ఉంది' అంటే ఉత్తర్వు నంబరు, తేదీ అడగండి.

అర్జీ కనీసం వారం ముందు ఇవ్వండి. విజయవాడలో పోలీసు కమిషనర్ పేర, నకళ్లు ఏసీపీకి, స్థానిక స్టేషనుకి. గుంటూరులో అయితే ఎస్పీ పేర, నకలు డీఎస్పీకి. అందులో ఇవి ఉండాలి: విషయం ఒక్క వాక్యంలో, తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, ఎంతమంది, బాధ్యులు ముగ్గురి పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ నకళ్లు, మైకు వివరం, ఎంతమంది వాలంటీర్లో. ముగిసే వేళ రాయనివాళ్ల అర్జీయే ఎక్కువగా తిరిగొస్తుంది, ఎందుకంటే రోడ్డును నిరవధికంగా ఆక్రమించే హక్కు ఎవరికీ లేదని షహీన్‌బాగ్ కేసులో 2020 అక్టోబరు 7న తీర్పు ఉంది. "ఇంతమందికి మించరు" అని తక్కువ అంకె వేసి తర్వాత ఎక్కువ మందిని తేవద్దు, అది షరతు ఉల్లంఘన కిందికొస్తుంది. ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోకుండా కార్యాలయం మెట్లు దిగకండి. ఏ జవాబూ రాకపోతే ఆ ముద్ర ఉన్న నకలే హైకోర్టులో మీ పిటిషన్‌కు మొదటి పేజీ.

మైకు కోసం వేరే రాతపూర్వక అనుమతి కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టులకు 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం. అక్కడ పగలు 50 డెసిబెల్సు, నివాస ప్రాంతంలో 55, వ్యాపార ప్రాంతంలో 65. రెండు పెద్ద బాక్సులు పెట్టి రోడ్డంతా దద్దరిల్లజేయడం కంటే నాలుగు చిన్నవి జనం మధ్య పెడితే మాటా వినబడుతుంది, కేసూ ఉండదు.

అనుమతి లేకుండా చేస్తే పెట్టేది న్యాయ సంహిత 223 (పాత 188). దీని మీద కోర్టు కేసు చేపట్టాలంటే ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారో, ఆయన పై అధికారో, ఆయన అధికారమిచ్చిన మరో ప్రభుత్వోద్యోగో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. పోలీసు చార్జిషీటు ఒక్కటే ఉంటే ఆ మాట వకీలుతో ఎత్తించండి.

ప్రశ్న: మా వార్డులో వేసిన సీసీ రోడ్డు నాసిరకమని ఫేస్‌బుక్‌లో రాస్తే కార్పొరేటరు పరువు నష్టం నోటీసు పంపారు, పదిహేను రోజుల్లో క్షమాపణ చెప్పాలట. పోస్టు తీసేయనా?
- ఒక రిటైర్డ్ ఇంజినీరు, గుంటూరు

జవాబు: ఏం రాశారన్నది ముఖ్యం. "కార్పొరేటరు దొంగ, కమీషన్లు మెక్కాడు" అని రాశారనుకోండి, ఆ మెక్కడం మీరు రుజువు చేయాలి. "అంచనాలో మందం 15 సెంటీమీటర్లు, ఫలానా తేదీన మూడు చోట్ల కొలిస్తే 10 వచ్చింది, తేడా ఎందుకో కార్పొరేషన్ చెప్పాలి" అని రాస్తే రుజువు ఆ వాక్యంలోనే ఉంది. ఇంజినీరు కాబట్టి మీకు వేరే చెప్పనక్కర్లేదు, ఎంబుక్ (పని కొలతల పుస్తకం) నకలు సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి.

పరువు నష్టం న్యాయ సంహిత 356 కిందికి వస్తుంది, రెండేళ్ల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ, లేదంటే సామాజిక సేవ. ఇది నాన్ కాగ్నిజబుల్, అంటే పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ కట్టలేరు. నొచ్చుకున్న మనిషే మెజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. సురక్షా సంహిత 223(1) ప్రకారం కోర్టు కేసు చేపట్టే ముందే మీ మాట వినాలి, ఇది పాత చట్టంలో లేని మేలు. ప్రజాహితం కోసం చెప్పిన నిజం, ప్రజాసేవకుడి విధుల మీద నిజాయితీతో చేసిన వ్యాఖ్య ఈ సెక్షన్‌కు మినహాయింపులు. రాజగోపాల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది. కార్పొరేషన్ లాంటి స్థానిక సంస్థ తన పరువు పోయిందని దావా వేయలేదు. అధికార పదవిలో ఉన్నవాళ్లు తమ విధులకు సంబంధించిన మాట మీద దావా వేస్తే, అబద్ధమని తెలిసో, నిజమా కాదా అని చూసుకోకుండానో రాశారని చూపాలి.

పోస్టు తీసేయడం మీ ఇష్టం. తీసేస్తే తప్పొప్పుకున్నట్టు కాదు. తీసేముందు మాత్రం తేదీ, లింకు కనబడేలా పూర్తి స్క్రీన్‌షాట్, కింద వచ్చిన వ్యాఖ్యలతో సహా దాచండి. కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63(4) కింద ధ్రువపత్రం కావాలి, అందుకే ఫోను పారేయకండి, మార్చేయకండి. వకీలు చేత ఒక పేజీ జవాబు పంపండి, మీ కొలతల పట్టికను జతచేసి.

ప్రశ్న: బందరు రోడ్డు మీద వాహనాల తనిఖీ దగ్గర ఫోను తీసుకుని వాట్సాప్ తెరవమన్నారు. తెరవాలా?
- ఆటో డ్రైవరు, పటమట

జవాబు: లైసెన్సు, ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ కాగితం చూపాలి. ఫోను వాటిలో లేదు. కేసు ఏదో, ఎందుకో చెప్పకుండా ఫోను తిరగేసే అధికారం ఏ సెక్షనూ ఇవ్వదు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా చెప్పింది. నిజంగా కేసులో స్వాధీనం చేసుకుంటే సోదా, స్వాధీనం మొత్తాన్ని సురక్షా సంహిత 105 కింద వీడియో తీయాలి. మధ్యవర్తుల రిపోర్టు రాసి అందులో ఐఎంఈఐ నంబరు వేయాలి, సీలు చేయాలి, నకలు మీకివ్వాలి. తర్వాత ఫోను వెనక్కి ఇప్పించమని మెజిస్ట్రేటును అడగవచ్చు. ముద్దాయిగా ఉన్నవాడు తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాల్సిన పని లేదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతుంది. పాస్‌వర్డ్ విషయంలో హైకోర్టులు ఒకే మాట మీద లేవు, కాబట్టి వకీలు వచ్చేదాకా చెప్పనని మర్యాదగా అనండి.

ప్రశ్న: మాట్లాడే హక్కు అంటూ మీరు వెనకేసుకొస్తున్నారు సరే. నా ఫొటో మార్ఫింగ్ చేసి, రేప్ చేస్తామని మెసేజ్‌లు పెట్టేవాళ్లకూ ఆ హక్కు ఉందా?
- ఒక యువతి, విజయవాడ

జవాబు: లేదు. మాట్లాడే హక్కుకు హద్దులు పెట్టడానికి రాజ్యాంగం 19(2) అధికరణంలో ఎనిమిది కారణాలే ఉన్నాయి, వాటిలో సభ్యత, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం ఉన్నాయి. బెదిరింపు న్యాయ సంహిత 351, స్త్రీని అవమానించే మాట, సైగ 79, వెంటపడటం 78, అశ్లీల చిత్రాలు ఐటీ చట్టం 67, 67ఏ. 'మనోభావాలు దెబ్బతిన్నాయి' అన్న మాట ఆ ఎనిమిదిలో లేదు. ఎవరి మనసో నొచ్చుకోవడానికీ, మీ ప్రాణానికి బెదిరింపు రావడానికీ తేడా గుర్తించని పోలీసింగే రెండు వైపులా చెరుపు చేస్తోంది. విమర్శ రాసినవాడి ఇంటికి జీపు రాత్రికి రాత్రే వెళుతుంది, మీ ఫిర్యాదు బల్ల మీద నిద్రపోతుంది.

బ్లాక్ చేసేముందు ఆ ఖాతా పేరు ఒక్కటే కాదు, దాని పూర్తి లింకు, మెసేజ్ వేళ దాచండి, పేర్లు మార్చేస్తారు. ఎక్కడుంటే అక్కడి స్టేషన్లో జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. స్టేషన్లో తీసుకోకపోతే కమిషనర్‌కు పోస్టులో పంపండి, ఆ తర్వాత సురక్షా సంహిత 175(3) కింద మెజిస్ట్రేటు దగ్గరికి. ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోను 15100.

ప్రశ్న: గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్‌ని పట్టుకుంటారా?
- అపార్టుమెంటు కార్యదర్శి, గుంటూరు

జవాబు: అడ్మిన్ అయినంత మాత్రాన కాదు. బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో అదే చెప్పాయి. మీరే ఫార్వర్డ్ చేస్తే మాత్రం మీరే రాసినట్టు చూడవచ్చు.

ప్రశ్న: మా ప్రెస్సులో కరపత్రాలు వేయించుకునేవాళ్లు ముద్రాపకుల పేరు వద్దంటున్నారు. ఇబ్బందా?
- ప్రింటింగ్ ప్రెస్ యజమాని, గాంధీనగర్, విజయవాడ

జవాబు: ఎన్నికలకు సంబంధించిన కరపత్రమైతే ఖాయంగా ఇబ్బంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం ముద్రాపకుల, ప్రచురణకర్తల పేర్లు, చిరునామాలు ముందు వైపునే ఉండాలి. వేయించుకునేవాళ్ల నుంచి ఇద్దరు సాక్షులతో సంతకం చేసిన ప్రకటన రెండు ప్రతులు తీసుకుని, ముద్రించాక ఒక ప్రతిని కరపత్రంతో పాటు అధికారికి పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలతో సంబంధం లేని వాటికి కూడా ఆర్డరు పుస్తకంలో పేరు, ఫోను, ప్రతుల సంఖ్య రాసి, ఒక నమూనా అంటించి పెట్టుకోండి. తర్వాత అదే పేరుతో ఎవరో జిరాక్సు తీసి, రెండు వాక్యాలు కలిపి పంచితే, మీరు వేసింది ఏదో చూపగలిగేది ఆ నమూనా ఒక్కటే.